నాలుగు జతల స్కీలు, ఒక రైస్ కుక్కర్: ఆల్ప్స్‌లో మా తొమ్మిది రోజులు

మ్యూనిక్‌లో ఎనిమిదేళ్ళుగా ఉంటున్నా మేం స్కీయింగ్ జోలికి పోలేదు. జారి పడితే నడుం ఎవరు పడతారు అని ఊరుకున్నాం. కిందటి చలికాలం మా పెద్దది బడి నుంచి వచ్చి, "క్లాసులో స్కీ రానిది నాకూ ఇంకో అబ్బాయికే" అని ఏడుపు మొహం పెట్టింది. అంతే, మా ఆయన ఎక్సెల్ షీట్ తెరిచారు. ఆ షీట్ ఫలితమే ఈ రివ్యూ.

వెళ్ళింది ఐదుగురం. మేమిద్దరం, తొమ్మిదేళ్ళ పెద్దది, ఐదేళ్ళ చిన్నాడు, తణుకు నుంచి మా దగ్గరికి వచ్చిన అత్తయ్య. ఇక్కడి బడులకి 2025 మార్చి మొదటి వారం ఫాషింగ్, అంటే కార్నివాల్ పండగ సెలవులు. మార్చి 1 శనివారం బయల్దేరి 9న ఆదివారం తిరిగొచ్చాం. దారి ఇది: ఆస్ట్రియాలో సీఫెల్డ్, అక్కణ్ణించి బ్రెన్నర్ కనుమ దాటి ఇటలీలో ఓర్టిసేయ్, మళ్ళీ రేషెన్ కనుమ మీదుగా ఆస్ట్రియాలోకి వచ్చి సెర్ఫౌస్, చివరికి ఫెర్న్‌పాస్ మీదుగా ఇల్లు. మ్యాప్‌లో చూస్తే ముత్యాల దండలా ఉంటుంది. మూడు ఊళ్ళు తిరగడమంటే మూడుసార్లు కాపురం పెట్టి మూడుసార్లు ఎత్తేయడమని మ్యాప్‌లో కనిపించదు కదా.

ముందు సీఫెల్డ్. మ్యూనిక్ నుంచి గార్మిష్, మిట్టెన్‌వాల్డ్ మీదుగా వెళ్తే ఆస్ట్రియా ఆటోబాన్ (హైవే) టోల్ స్టిక్కరు అక్కర్లేకుండానే చేరొచ్చు. మామూలు రోజుల్లో గంటన్నర దారి. మాకు మూడు గంటలు పట్టింది, ఎందుకంటే శనివారం. ఆల్ప్స్‌లో ఇళ్ళు చాలావరకు శనివారం నుంచి శనివారానికే అద్దెకిస్తారు. దాంతో సగం యూరప్ ఆ రోజు ఖాళీ చేసే పనిలో, సగం దిగే పనిలో రోడ్డు మీదే ఉంటుంది. గార్మిష్ దాటకముందే చిన్నాడు ఒకసారి వాంతి చేసుకున్నాడు. అత్తయ్య బ్యాగులోంచి అల్లం మురబ్బా తీసి చప్పరించమని ఇచ్చారు. మొత్తం ప్రయాణంలో డబ్బు పెట్టకుండా పనిచేసిన వస్తువు అదొక్కటే.

సీఫెల్డ్ 1200 మీటర్ల ఎత్తున చదునుగా ఉన్న ఊరు. 1964, 1976 ఇన్స్‌బ్రుక్ ఒలింపిక్స్‌లో కొండ దిగడం కాకుండా దూరం సాగే స్కీ పోటీలు, అంటే క్రాస్ కంట్రీ, ఇక్కడే పెట్టారు. నిట్టనిలువు కొండలు కావాలనుకునే కుర్రాళ్ళకి ఇది బోరు. మాకు మాత్రం సరిపోయింది. ఊరి పక్కనే చిన్న వాలు, పిల్లల్ని పైకి తీసుకెళ్ళే కదిలే చాప లాంటి బెల్టు. జర్మన్‌లో దాన్ని జౌబర్‌టెప్పిష్ అంటారు, మాయా తివాచీ అని. స్కీ రాని అత్తయ్యకి మంచు చదునుచేసిన నడక దారులు ఉన్నాయి. రోజూ పొద్దున్నే ఊరి చివర ఉన్న సీకిర్ష్ల్ అనే గుండ్రటి చిన్న చర్చి దాకా నడిచి, దాని చుట్టూ మూడుసార్లు తిరిగి వచ్చేవారు. "ఏ దేవుడైతేనేం అమ్మాయ్, నడక నడకే" అన్నారు.

మేం చేసిన మొదటి తప్పు కూడా ఇక్కడే. సామాను మోయక్కర్లేదు కదా అని ప్రతి ఊళ్ళో స్కీలు అద్దెకి తీసుకుందాం అనుకున్నాం. అద్దె దుకాణంలో బూట్లు వేసి చూడటం ఎంత పనో తెలియదు. బూటు సైజు పాదం పొడవుని సెంటీమీటర్లలో చెప్తారు, మా ఆయన 42 అక్కడ 27 అయింది. చలికి ఆగదని అత్తయ్య పిల్లలకి రెండేసి మేజోళ్ళు తొడిగారు. అది ఘోరమైన పొరపాటు. స్కీ బూటులో ఒకటే పల్చటి పొడుగు మేజోడు ఉండాలి, రెండు వేస్తే ముడతలు పడి వేళ్ళు నొక్కుకుపోతాయి. పెద్దది అరగంటకే ఏడ్చింది. ఆ తర్వాత కౌంటర్లో అబ్బాయి ఎత్తు, వయసు, బరువు అడిగాడు. వెనక లైన్లో పది మంది ఉన్నారు, నేను ఆరు కిలోలు తగ్గించి చెప్పాను. ఆ అంకెల్ని బట్టే స్కీ బూటుని ఎంత గట్టిగా పట్టుకోవాలో స్క్రూ బిగిస్తారట. మధ్యాహ్నం నుంచి నా ఎడమ స్కీ చీటికీ మాటికీ ఊడిపోతూనే ఉంది. సాయంత్రం వెళ్ళి నిజం ఒప్పుకున్నాను. ఆ అబ్బాయి నవ్వకుండా స్క్రూ తిప్పాడు. మంచి కుర్రాడు.

ఇలాగే మూడు ఊళ్ళలో మూడుసార్లు బూట్లు తొడిగి చూసుకుంటూ కూర్చుంటే ఒకటిన్నర రోజు పోయింది. పిల్లల స్కీలు, బూట్లు సీజన్ మొత్తానికి కలిపి అద్దెకిచ్చే దుకాణాలు మ్యూనిక్‌లో చాలా ఉన్నాయి. అక్టోబరులో తీసుకుంటే ఏప్రిల్ దాకా మనవే. కారు మీద పెట్టె ఎలాగూ ఉంది.

మంగళవారం ఇటలీ వైపు. సీఫెల్డ్ నుంచి లోయలోకి దింపే త్సిర్లర్ బెర్గ్ అనే రోడ్డు 16 శాతం వాలు. బ్రేకులు మాడిన వాసన వచ్చే లారీల వెనక రెండో గేరులో దిగాం. కింద ఆటోబాన్ ఎక్కగానే విన్యెట్ అనే ఆస్ట్రియా టోల్ స్టిక్కరు ఉండాలి, 2025లో అది పది రోజులకి 12.40 యూరోలు. బ్రెన్నర్ మీదికెళ్ళే ఏ-13 హైవేకి అది చెల్లదు, విడిగా ఇంకో 12 యూరోలు కట్టాం. మా ఎక్సెల్ షీట్లో ఈ రెండోది లేదు. ఆ దారిలో లూగ్ వంతెనకి మరమ్మతులని 2025 జనవరి నుంచి రద్దీ లేని రోజుల్లో ఒక్కో వైపు ఒక్క లైనే వదులుతున్నారు, అక్కడ నలభై నిమిషాలు. రోడ్డు మీద చల్లిన ఉప్పు ఎగిరి అద్దం తెల్లబడిపోతుంది. అద్దం కడిగే నీళ్ళు చలికి గడ్డకట్టని రకం, ఐదు లీటర్ల డబ్బా ఒకటి అదనంగా పెట్టుకోండి. మా డబ్బా బ్రెన్నర్ చేరకముందే అయిపోయింది, పెట్రోలు బంకులో మూడింతలు పెట్టి కొన్నాం.

ఓర్టిసేయ్ దగ్గర ఇంకో తమాషా. ఆ లోయలో ఇటాలియన్, జర్మన్, లదీన్ మూడు భాషలు. ఊరు ఒకటే, పేర్లు మూడు: ఓర్టిసేయ్, సాంక్ట్ ఉల్రిష్, ఉర్టిజెయ్. మా ఆయన జీపీఎస్‌లో ఒక పేరు, బుకింగ్‌లో ఇంకోటి చూసి తప్పు లోయలోకి వచ్చామేమో అని టెన్షన్ పడ్డారు.

అందం విషయానికొస్తే ఓర్టిసేయ్‌కి పదికి పదకొండు ఇస్తాను. ఊళ్ళోంచే గొండోలా, అంటే తాడు మీద వెళ్ళే కేబుల్ కారు, ఎక్కితే ఆల్పే ది సియూసి మీద దిగుతాం. ఎత్తైన పచ్చికమైదానాల్లో యూరప్‌లో ఇదే పెద్దదంటారు, 56 చదరపు కిలోమీటర్లు. ఎదురుగా 3181 మీటర్ల సస్సోలుంగో శిఖరం, సాయంత్రం ఎండకి రాయి గులాబీ రంగు తిరుగుతుంది. పగలంతా పైకి సొంత కార్లు రానివ్వరు కాబట్టి గుర్రపు బళ్ళ గంటల చప్పుడు తప్ప ఏమీ వినపడదు. అత్తయ్య చక్రాల్లేని గుర్రపు బండి ఎక్కి, ఒళ్ళో దుప్పటి కప్పుకుని, మహారాణిలా చెయ్యి ఊపుతూ వెళ్ళారు. ఆ ఫోటో తణుకులో ఎంతమంది చూశారో లెక్కలేదు. అక్కడి స్కీ లిఫ్టులకి తీసుకునే డోలోమిటి సూపర్‌స్కీ టికెట్ మీద ఎనిమిదేళ్ళలోపు పిల్లలకి పెద్దవాళ్ళతో పాటు ఉచితం, చిన్నాడిది అలా మిగిలింది.

కానీ కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. ఆస్ట్రియాలోనూ ఇటలీలోనూ ఫ్రాన్స్‌లో లాగా అన్నిటికంటే తేలికైన పచ్చ గుర్తు దారులు ఉండవు, నీలం నుంచే మొదలు. సీఫెల్డ్ నీలం వేరు, ఇక్కడి నీలం వేరు. రెండు రోజులు మాయా తివాచీ మీద తిరిగిన ధైర్యంతో నేనొక నీలం దారిలోకి దిగి, మధ్యలో మలుపు చూసి స్కీలు విప్పి చేత్తో పట్టుకుని నడిచాను. నా పక్కనుంచి నాలుగేళ్ళ పిల్ల కేకలేసుకుంటూ జారిపోయింది. ఇక సెల్లారొండా అని నాలుగు కనుమలు దాటే 40 కిలోమీటర్ల చుట్టు ఉంది, అది బాగా వచ్చినవాళ్ళ సంగతి. మేం బోర్డు పక్కన ఫోటో దిగాం.

ఇటలీ నియమాలు రెండు గుర్తుపెట్టుకోండి. పిస్ట్ (స్కీ దారి) మీద ఎవరినైనా గుద్దితే నష్టపరిహారం ఇచ్చే ఇన్సూరెన్సు తప్పనిసరి. జర్మనీలో హాఫ్ట్‌ఫ్లిష్ట్, అంటే ఎదుటివాళ్ళ నష్టానికి ఇచ్చే బీమా, ఉన్నవాళ్ళు ఆ కాగితం ఫోన్‌లో పెట్టుకుంటే చాలు, లేకపోతే టికెట్ కౌంటర్లో రోజువారీగా కొనుక్కోవచ్చు. మేం వెళ్ళినప్పుడు హెల్మెట్ పిల్లలకే తప్పనిసరి, 2025 నవంబరు నుంచి పెద్దవాళ్ళకి కూడా. కొండ మీంచి దింపే హెలికాప్టర్ ఖర్చు మన జర్మన్ ఆరోగ్య బీమా మామూలుగా ఇవ్వదు, దానికి వేరే పాలసీ చూసుకోవాలి. అత్తయ్యకి షెంగెన్ వీసా మూడు దేశాలకీ పనికొస్తుంది, అయినా పాస్‌పోర్ట్ చేతిలో ఉండాలి. తిరిగొచ్చేటప్పుడు జర్మనీ సరిహద్దులో ఆపి అడిగారు.

తిండి. అత్తయ్య శాకాహారి. కొండ మీది గుడిసె హోటళ్ళలో క్నోడెల్ అని బొండాల్లాంటివి పెడతారు, చాలావాటిలో పంది మాంసం ముక్కలుంటాయి. జున్నువి కూడా దొరుకుతాయి, కానీ అవి తేలే పులుసు గొడ్డు మాంసం రసం కావచ్చు. అడిగి తినాలి. భయం లేనివి రెండే: జున్నుతో చేసే కేజ్‌ష్పేట్స్లె, ముక్కలు చేసిన తియ్యటి అట్టు కైజర్‌ష్మారెన్. గుడ్డు తినకపోతే అవీ లేవు. అత్తయ్య గుడ్డు తినరు. అందుకే మా రైస్ కుక్కర్ మూడు దేశాలు తిరిగింది. పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకుని, రెండు వేల మీటర్ల ఎత్తున బెంచీ మీద కూర్చుని తిన్నాం. పక్క బెంచీ మీద ఇటాలియన్ ముసలాయన ఇంగువ వాసనకి రెండుసార్లు తిరిగి చూశాడు. ఆశో, కోపమో తెలియలేదు.

ఒక మజిలీలో అద్దె ఇంటివాళ్ళ మీద మాత్రం కోపం తగ్గలేదు. ఆ ఊరి పేరు చెప్పను. చివరి శుభ్రం రుసుము 90 యూరోలు, ఊరి పన్ను వేరే, తువ్వాళ్ళకి వేరే. ఇవి బుకింగ్‌లో అడుగున చిన్న అక్షరాల్లో ఉన్నాయి, తప్పు మాదే అనుకుందాం. కానీ వెళ్ళేటప్పుడు "వంటింట్లో వాసన వస్తోంది" అని ఇంకో 40 అడిగారు. తిరగమోత వాసనకి రేటు కట్టడం నేనెక్కడా వినలేదు. అరగంట వాదించి 20 ఇచ్చి బయటపడ్డాం.

శుక్రవారం ఓర్టిసేయ్ నుంచి బొల్జానో, మెరానో మీదుగా రేషెన్ కనుమకి. ఈ దారి ఒక్కదాని కోసమైనా కారులో వెళ్ళాలి. కనుమ దగ్గర గడ్డకట్టిన చెరువులోంచి చర్చి గోపురం ఒక్కటే పైకి నిలబడి ఉంటుంది. 1950లో ఆనకట్ట కోసం గ్రౌన్ అనే ఊరిని ముంచేశారు, గోపురం మిగిలింది. అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "శ్రీశైలం నీళ్ళు తగ్గితే సంగమేశ్వరం గుడి ఇలాగే కదా బయటపడేది" అన్నారు.

ఇక సెర్ఫౌస్. 1100 మంది ఉండే ఊరికి భూగర్భ రైలు! హైదరాబాద్‌కి మెట్రో 2017లో వచ్చింది, ఈ పల్లెకి 1985లోనే. గాలి పరుపు మీద తేలే ఆ బండిని తాడుతో లాగుతారు. నాలుగు స్టేషన్లు, ఊరి మొదట్లో పార్కింగ్ నుంచి గొండోలాల దాకా, టికెట్ లేదు. స్కీలు భుజాన మోసుకుని, ఏడ్చే పిల్లాణ్ణి చంకనేసుకుని నడిచినవాళ్ళకే దాని విలువ తెలుస్తుంది. పైన పిల్లల కోసమే వదిలిన పెద్ద మంచు మైదానం, తివాచీ బెల్టులు, బొమ్మలు. మా పిల్లలకి సరిగ్గా కావలసింది ఇదే.

అక్కడే మా షీట్ మమ్మల్ని ముంచింది. పిల్లల గ్రూపు క్లాసులు ఆల్ప్స్‌లో చాలాచోట్ల ఆదివారమో సోమవారమో మొదలై శుక్రవారంతో అయిపోతాయి. మేం చేరింది శుక్రవారం సాయంత్రం. సీఫెల్డ్‌లో రెండు రోజుల క్లాసు, ఓర్టిసేయ్‌లో వారం మధ్యలో చేరి వేరే గ్రూపు, వేరే టీచరు, వేరే భాష. సీఫెల్డ్ టీచరు ఆగడానికి స్కీల ముందు కొసలు దగ్గరికి పెట్టడాన్ని "పిజ్జా" అని నేర్పితే చిన్నాడు అదే పట్టుకున్నాడు. ఓర్టిసేయ్ టీచరు దానికి ఇటాలియన్‌లో ఇంకేదో అంది. వాడు రెండు రోజులు ఏ మాటకీ ఆగకుండా నేరుగా దారి పక్కన కట్టిన వలలోకి వెళ్ళాడు. సెర్ఫౌస్‌లో శనివారం నేనే పిజ్జా, పిజ్జా అని అరుస్తూ వెనక పరిగెత్తాను. ఒక మంచి మాటేంటంటే, శనివారం అందరూ ఇళ్ళు మారుతూ రోడ్ల మీద ఉంటారు కాబట్టి వాలులన్నీ ఖాళీ.

మార్కులు అడిగితే: అత్తయ్యకి సీఫెల్డ్ ఐదుకి ఐదు. ఓర్టిసేయ్ కళ్ళకి ఐదు, కాళ్ళకి రెండున్నర. సెర్ఫౌస్ ఐదు, మా ప్లానుకి ఒకటి. పెద్దవాళ్ళు, చిన్నపిల్లలు ఉండి ఎవరికీ స్కీ రాకపోతే ఊరు ఎంచుకోవాల్సింది క్లాసు ఏ రోజు మొదలవుతుందో, స్కీ చేయనివాళ్ళు పగలంతా ఏం చేస్తారో చూసి. మిగతా రెండు ఊళ్ళు దారిలో ఒక్కో పూట ఆగి చూడొచ్చు.

మా ఆయన కొత్త షీట్లో ఈసారి ఒకటే ఊరు, ఆదివారం నుంచి శుక్రవారం. అత్తయ్య నిన్న వీడియో కాల్‌లో, "ఆ రైలున్న ఊరేనా?" అని అడిగారు. చిన్నాడి ఎడమ గ్లౌజు మాత్రం ఇంకా ఆల్పే ది సియూసి మీదే ఎక్కడో ఉంది.