పుల్మన్ పట్టణం: దండెం కనిపించని వీధుల ఫొటోలు

ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో 350 రూపాయలకు దొరికిన ఈ ఇంగ్లీషు ఫొటోల పుస్తకం, చికాగోకు దక్షిణాన కాలుమెట్ సరస్సు పక్కన 1880లో కట్టడం మొదలుపెట్టిన పుల్మన్ పట్టణం గురించినది. రైళ్లకు పడక పెట్టెలు తయారుచేసే జార్జ్ పుల్మన్, సోలన్ బీమన్ అనే ఆర్కిటెక్టు చేత కర్మాగారాన్ని, దాని పక్కనే కార్మికుల ఇళ్లను, బజారును, చర్చిని, తన కూతురి పేరు పెట్టిన ఫ్లోరెన్స్ హోటల్‌ను కట్టించాడు. ఇటుకలకు మట్టి కూడా ఆ సరస్సులోంచే తీశారు.

మొదటి సగంలోని ఫొటోలు చాలావరకు కంపెనీ తీయించుకున్నవేనని చూడగానే తెలిసిపోతుంది. వరుస ఇళ్లు, కత్తిరించిన పచ్చిక, మనిషి జాడలేని వీధులు. రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్ క్వార్టర్లలో ఇరవై రెండేళ్లు కాపురం చేసిన మా అమ్మ నాలుగు పేజీలు తిప్పి, "ఇన్ని ఇళ్లున్నాయి, ఒక్క దండెమైనా లేదేమిట్రా?" అని అడిగింది. పుస్తకం కూర్చినవారికి ఆ సందేహం వచ్చినట్టు లేదు. ఫొటోల కింది వాక్యాల్లో కట్టడం పేరూ సంవత్సరమూ ఉన్నాయి గానీ, అక్కడ ఇల్లు అద్దెకు తీసుకోవడమే తప్ప కొనుక్కునే వీలు లేదనీ, లైబ్రరీకి ఏడాదికి 3 డాలర్లు కట్టాలనీ, అద్దె భరించే సంఘం దొరకక ఆకుపచ్చ రాతి చర్చి కొన్నేళ్లు ఖాళీగా ఉందనీ ఎక్కడా లేదు. ఇవి తెలిశాక ఆ వీధుల నిశ్శబ్దం మరోలా కనిపిస్తుంది.

రెండో సగం చాలా మెరుగు. 1893 ఆర్థిక సంక్షోభంలో కంపెనీ కూలి తగ్గించి అద్దెలు మాత్రం తగ్గించకపోవడం, జీతం రోజున అద్దెకొక చెక్కు, మిగిలినదానికి మరొక చెక్కు రాసివ్వడం, 1894 మే నెలలో సమ్మె మొదలవడం, యూజీన్ డెబ్స్ నాయకత్వంలోని రైల్వే యూనియన్ పుల్మన్ పెట్టెలున్న రైళ్లను నడపడానికి నిరాకరించడం, అధ్యక్షుడు క్లీవ్‌లాండ్ సైన్యాన్ని పంపడం వరుసగా వస్తాయి. ఆర్కేడ్ భవనం ముందు బారులు తీరిన సైనికుల ఫొటో ఒక్కదానికే ఈ డబ్బు చెల్లు. దానిని రెండు పేజీల మీద పరచడంతో మధ్యనున్న మనుషులు బైండింగ్ కుట్టులోకి పోయారు. పుస్తకాన్ని బలవంతంగా విప్పితే అట్ట ఊడుతుంది, విప్పకపోతే సగం వరుస కనపడదు.

పెట్టెల్లో పక్కలు వేసి ప్రయాణికులను చూసుకున్న నల్లజాతి పోర్టర్లకు మాత్రం ఒక్కటే పేజీ దక్కింది. 1925లో ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో వాళ్లు సొంత యూనియన్ పెట్టుకుని, 1937లో కంపెనీ చేత ఒప్పందం మీద సంతకం పెట్టించుకున్నారు. పడకల తళుకుకు పన్నెండు పేజీలిచ్చినవారు వీరికి ఇంకొంచెం చోటివ్వవలసింది. ఇళ్లను అమ్మేయమని 1898లో ఇల్లినాయ్ సుప్రీంకోర్టు ఆదేశించడం ఒక్క పేరాలో ముగిసింది.

కొత్త ప్రతిని విదేశీ ధర పెట్టి తెప్పించుకోమని నేను చెప్పను. పాతది దొరికితే వదలవద్దు. కాకపోతే డబ్బిచ్చే ముందు చివరి పేజీలు తిప్పి చూసుకోండి. నా ప్రతిలో పట్టణం మ్యాప్‌ను ఎవరో బ్లేడుతో నీటుగా కోసుకుపోయారు.