హలీం వండటానికి కుక్కరా, మందపాటి గిన్నెనా?

రంజాన్ నెలలో హైదరాబాద్ హోటళ్ల ముందు భట్టీల మీద గంటల తరబడి ఉడికే హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇంట్లో భట్టీ ఎలాగూ ఉండదు. ఉన్నవి కుక్కరు, మందపాటి గిన్నె.

సమయం చూస్తే కుక్కరుదే పైచేయి. రాత్రి నానబెట్టిన గోధుమరవ్వ, శనగపప్పు, మినపప్పు ఒకసారి, మసాలా పట్టించిన మటన్ ఇంకోసారి ఉడికిస్తే గంటన్నరలో పని ముగుస్తుంది. గ్యాసూ కలిసొస్తుంది. గిన్నెలో అయితే సన్న సెగ మీద నాలుగైదు గంటలు పడుతుంది. గరిటె ఆపితే గోధుమ అడుగంటుంది, ఆ మాడు వాసనను ఎంత నెయ్యి పోసినా కప్పలేం.

అసలు తేడా జిగటలో ఉంది. గిన్నెలో ఉడుకుతున్నంతసేపూ పప్పుగుత్తితో మెదుపుతూ ఉంటే మాంసం పీచులుగా విడిపోయి గోధుమ గంజితో కలిసిపోతుంది. గరిటె పైకెత్తితే హలీం తీగలా సాగుతుంది. కుక్కరులో మాంసం మెత్తబడుతుంది గానీ గోధుమతో కలవదు. అందుకని కొందరు మిక్సీలో వేస్తారు. అప్పుడు పీచు తెగి, పసిపిల్లల ఉగ్గులా తయారవుతుంది. దాన్ని హలీం అనడానికి నాకు మనసొప్పదు.

సెలవు రోజైతే నా ఓటు గిన్నెకే. తీరిక లేకపోతే కుక్కరులో ఉడికించినదాన్ని గిన్నెలోకి మార్చి, నెయ్యి వేసి, కనీసం ముప్పావుగంట మెదపండి. వేయించిన ఉల్లిపాయ, పుదీనా, నిమ్మచెక్క రెండింటికీ తప్పవు.