విత్తనంతో ఐరిస్‌లు: ఏళ్లుగా పెంచాక నా అభిప్రాయం

కాలిఫోర్నియాలో ఎండాకాలం చినుకు పడని తోటకి ఐరిస్ అనే పూలమొక్కల్లో ఇక్కడి అడవి రకాలే సరైనవి, వాటిని విత్తనం నుంచి పెంచుకోవడమే మేలు, కాకపోతే బోలెడంత ఓపిక కావాలి. వీటికి వేళ్లు కదిలిస్తే అసలు పడదు. కొత్త తెల్లవేళ్లు వచ్చే వానల సీజన్‌లో (ఇక్కడ అది చలికాలమే) తప్ప ఎప్పుడు నాటినా బెంగపెట్టుకుని చచ్చిపోతాయి, నర్సరీలోనేమో వసంతంలో పూలు చూపించి అమ్ముతారు, ఆ వెంటనే ఎండలు!

నేను ఎక్కువగా పెంచింది ఐరిస్ డగ్లసియానా. కాలిఫోర్నియా తీరం నుంచి పక్క రాష్ట్రం ఒరెగాన్ దాకా దానంతటదే పెరిగే జాతి, బాగా మొండిది. పసుపు పూల ఇన్నోమినాటా అనే ఇంకో జాతి మాత్రం నా బంకమట్టిలో నిలవలేదు, దానికి నీళ్లు చకచకా ఇంకిపోయే నేల ఉండాలి.

అక్టోబర్, నవంబర్‌లో లోతైన కుండీల్లో విత్తనాలు చల్లి ఆరుబయట వదిలేస్తాను. ఫ్రిజ్‌లో పెట్టే తతంగం అక్కర్లేదు, చలికాలపు చలి, తడి చాలు. చలి తగ్గే వేళకి సన్నటి ఆకులు లేస్తాయి, అచ్చం గడ్డిలాగే ఉంటాయి కాబట్టి కలుపనుకుని పీకే ముందు మొక్క మొదలు దగ్గర మట్టి కొంచెం తప్పించి చూడండి, ఐరిస్ అయితే గోధుమరంగు గింజ ఇంకా అంటుకునే ఉంటుంది. కొన్ని గింజలు మరుసటి చలికాలం దాకా నిద్రపోతాయి, కుండీ పారేయొద్దు. నత్తలతోనే అసలు టెన్షన్, ఒక్క రాత్రిలో వరసంతా నాకేస్తాయి.

మొదటి వేసవిలో నారుకి అప్పుడప్పుడు తడి ఇవ్వాలి. వేళ్లూనుకున్నాక మాత్రం వేసవిలో నీళ్లు దాదాపు మానేయడమే, మండే ఎండలో నేల తడిగా ఉంటే దుంప కుళ్లిపోతుంది. ఆకుల చివర్లు ఎండితే జాలిపడి పైపు పట్టుకెళ్లకండి. సముద్రానికి దూరంగా ఉన్నవాళ్లయితే మధ్యాహ్నం నీడ పడేచోట నాటండి.

పువ్వు రావడానికి రెండు మూడేళ్లు. ఏ రంగు పూస్తుందో చెప్పలేం, ఈ జాతులు తమలో తాము ఇట్టే సంకరమైపోతాయి. ఒకచోట కొన్న ప్యాకెట్ మీద పేరొకటి, పూసింది ఇంకొకటి. తిట్టుకున్నాను గానీ అందులో వచ్చిన లేత ఊదా పువ్వు, రేకు మధ్యలో పసుపు మచ్చ, దాని చుట్టూ సిరాగీతల్లాంటి ఈనెలు, డబ్బిచ్చినా దొరకదు. కచ్చితంగా ఫలానా రంగే కావాలంటే విత్తనం జోలికి పోకుండా, వానలు పడ్డాక ఆ రంగు మొక్క పిలక తెచ్చి నాటుకోండి.