బ్లాక్‌యాడర్: బ్యాక్ అండ్ ఫోర్త్ – 33 నిమిషాల కోసం రెండు గంటల సన్నాహం

బ్రిటిష్ టీవీ కామెడీ బ్లాక్‌యాడర్ ఒక్క ఎపిసోడ్ కూడా చూడనివాళ్లు దాని ప్రత్యేక భాగం 'బ్యాక్ అండ్ ఫోర్త్'తో మొదలుపెట్టకండి. నవ్వు రాకపోగా, ఈ పాత ఇంగ్లిష్ కామెడీకి ఇంత పేరెందుకో అన్న అనుమానం మిగిలిపోతుంది. సిరీస్ చూసినవాళ్లకు మాత్రం ఇది పెళ్లిభోజనం అయ్యాక వేసుకునే కిళ్లీ. కడుపు నింపదు, కానీ లేకపోతే వెలితిగా ఉంటుంది. నిడివి 33 నిమిషాలు. సాయంత్రం ఆరింటికి బెంగళూరు సిల్క్‌బోర్డు దగ్గర బస్సెక్కితే మారతహళ్లిలో దిగేలోపు రెండుసార్లు చూడొచ్చు.

అసలు సిరీస్ నాలుగు భాగాలు: 1983, 1986, 1987, 1989. ఒక్కోదానిలో ఆరు చొప్పున మొత్తం 24 ఎపిసోడ్లు. మధ్యయుగం, మొదటి ఎలిజబెత్ కొలువు, రీజెన్సీ రోజులు (రాజు బదులు యువరాజు ఏలిన కాలం), మొదటి ప్రపంచయుద్ధపు కందకాలు – భాగం మారితే కాలం మారుతుంది. రోవన్ అట్కిన్సన్ అన్నిట్లోనూ ఎడ్మండ్ బ్లాక్‌యాడర్ వంశం వాడే, టోనీ రాబిన్సన్ అన్నిట్లోనూ బాల్డ్రిక్ అనే నౌకరే. పదేళ్ల విరామం తర్వాత పాత బృందాన్ని మళ్లీ కూడేసి తీసిందే ఈ ప్రత్యేక భాగం. రచన రిచర్డ్ కర్టిస్, బెన్ ఎల్టన్. దర్శకత్వం పాల్ వైలాండ్. లండన్ గ్రీనిచ్‌లో 2000 సంవత్సరం కోసం కట్టిన మిలీనియం డోమ్ పక్కన స్కైస్కేప్ అనే సినిమాహాలు పెట్టారు. అందులో వచ్చేపోయే జనానికి ఆడించడానికి దీన్ని తీశారు, టీవీకి తర్వాత వచ్చింది. దీని లోపాల్లో సగం అక్కడే పుట్టాయి. డోమ్ చూడ్డానికి పిల్లాజెల్లాతో వచ్చి, కాళ్లు నొప్పెట్టి హాల్లో కూలబడినవాళ్లు కూడా నవ్వాలి కదా. అందుకే మాటల చమత్కారం తగ్గింది, లోదుస్తుల జోకులు పెరిగాయి.

కథ 1999 డిసెంబరు 31 రాత్రి మొదలవుతుంది. ఇప్పటి బ్లాక్‌యాడర్ దొర స్నేహితుల్ని విందుకు పిలిచి, టైమ్ మెషీన్ కట్టానంటూ పందెం కాస్తాడు. లియోనార్డో డావిన్చీ గీసిన నమూనా ప్రకారం బాల్డ్రిక్ కట్టాడట! అదంతా వట్టి టోకరా. లోపలికెళ్లి, ఇంట్లో దాచిన పాత సామాన్లు తెచ్చి చూపించి డబ్బు గుంజాలన్నది పథకం. తీరా మీట నొక్కాక యంత్రం నిజంగానే కదులుతుంది. కదిలాక తెలుస్తుంది, డయళ్ల మీద అంకెలు వేయడం బాల్డ్రిక్ మరిచిపోయాడని. ఏ సంవత్సరంలో ఉన్నామో తెలీదు, ఇంటికెలా తిప్పాలో అసలే తెలీదు. టైమ్ మెషీన్ అంటే కృష్ణదేవరాయల కొలువు గుర్తొచ్చే మనకు ఈ ఎత్తుగడ వెంటనే పట్టుబడుతుంది. ఇక్కడి నుంచి డైనోసార్లు, ఎలిజబెత్ రాణి, రాబిన్ హుడ్, నెపోలియన్ ఓడిన వాటర్లూ యుద్ధం, రోమన్ల కాలపు హేడ్రియన్ గోడ. ఒక్కోచోట నాలుగైదు నిమిషాలే.

అన్నిట్లో మేలైనది షేక్‌స్పియర్ ఘట్టం. ఎలిజబెత్ కోటలో పరుగెత్తుతూ బ్లాక్‌యాడర్ ఒకాయన్ను గుద్దుకుంటాడు, ఆయన చేతిలోని కాగితాలు చెల్లాచెదురవుతాయి. ఏరి ఇస్తూ చూస్తే పైన మేక్‌బెత్ అని ఉంటుంది. ఆయన కోలిన్ ఫర్త్ వేసిన షేక్‌స్పియర్. బ్లాక్‌యాడర్ ముందు ఎంతో వినయంగా బాల్‌పెన్ను తీసి సంతకం పెట్టించుకుంటాడు. కాగితం చేతికందిన మరుక్షణం ఒక్క గుద్దుతో నేలకూలుస్తాడు: రాబోయే 400 ఏళ్లలో బళ్లో నీ నాటకాలు చదవబోయే ప్రతి పిల్లాడి తరఫున, ప్రతి పిల్ల తరఫున ఇది నీకు! పోతూపోతూ ఇంకో తన్ను, కెనెత్ బ్రానా తీసిన నాలుగు గంటల హామ్లెట్ సినిమాకు. కిందపడ్డ కవి ఆ బ్రానా ఎవరని అయోమయంగా అడిగితే, ఈ మాట వింటే ఆయన చాలా నొచ్చుకుంటాడని జవాబు. ఐసీఎస్ఈ బళ్లో షేక్‌స్పియర్ నాటకం బట్టీపట్టే బెంగళూరు పిల్లలకు దీన్ని విడమరచక్కర్లేదు. పదో తరగతిలో పద్యాలకు ప్రతిపదార్థ తాత్పర్యాలు రాసి వేళ్లు కాయలు కాచినవాళ్లకూ అంతే. ఆ హడావుడిలో బాల్‌పెన్ను షేక్‌స్పియర్ దగ్గరే ఉండిపోతుంది. దాని ఫలితం చివర్లో తేలుతుంది: ఇంటికొచ్చి అడిగితే ఆయన బాల్‌పెన్ను కనిపెట్టిన మనిషిగానే జనానికి తెలుసు.

స్క్రిప్టులో గట్టి పనితనం ఇక్కడే ఉంది. వెళ్లిన ప్రతిచోటా చేసిన ఒక్కో చిన్న తప్పుకు చరిత్ర ఎక్కడో ఒకచోట బిల్లు వేస్తుంది. రాబిన్ హుడ్‌ను సొంత అనుచరులే బాణాలు వేసి చంపేస్తారు, కాబట్టి ఆ పేరే ఎవరికీ తెలీదు. వాటర్లూలో యంత్రం వెళ్లి బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ మీదే దిగుతుంది, కాబట్టి బ్రిటన్ ఫ్రాన్సు చేతుల్లోకి పోతుంది. ఈ వెల్లింగ్టన్ మనకు తెలిసినవాడే. 1799 ఏప్రిల్‌లో శ్రీరంగపట్నం దగ్గర సుల్తాన్‌పేట తోపులో రాత్రిపూట దాడికెళ్లి, దెబ్బతిని, మోకాలికి గాయంతో వెనుదిరిగిన ఆర్థర్ వెల్లెస్లీయే తర్వాత డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ అయ్యాడు. మైసూరు రోడ్డులో వెళ్తూ ఆ చోటు దాటిపోతుంటాం. యంత్రం మీదపడేది 1815లో గనక టిప్పు కథ మాత్రం మారదు. ఓ పదహారేళ్లు ముందు దిగి ఉంటే కథ ఇంకా రంజుగా ఉండేది!

ఇక గుణం కన్నా లోపం పెద్దది. బ్లాక్‌యాడర్‌లో నవ్వంతా ఇరుక్కుపోవడం నుంచి పుడుతుంది. పైన ఒక మూర్ఖుడు, కింద అంతకన్నా మూర్ఖుడు, మధ్యలో తెలివైనవాడు. పారిపోదామంటే దారి లేదు. రాణికి తిక్కరేగితే తల పోతుంది, కందకం నుంచి తల పైకెత్తినా తలే పోతుంది. ఔటర్ రింగ్ రోడ్డు కంపెనీల్లో పనిచేసేవాళ్లకు ఈ అమరిక బాగా తెలుసు. టైమ్ మెషీన్ వచ్చి ఈ ఉచ్చును తెంపేసింది. పరిస్థితి బిగుసుకునేలోపు మీట నొక్కి జారుకోవచ్చు. అందుకే రాబిన్ హుడ్ ఘట్టంలో రిక్ మేయల్ ఎంత చెలరేగినా, మారియన్‌గా కేట్ మాస్ ఎంత మెరిసినా, అది వచ్చిపోయిన తారలకు చప్పట్లు కొట్టే సన్నివేశంలానే ఉంది. ఒక్క రోమన్ ఘట్టంలో పాత రుచి తగులుతుంది. ఎగబడే స్కాట్‌ల గుంపును ఆపడానికి మూడడుగుల గోడ చాలునన్న పై అధికారుల నమ్మకం, దాని ముందు నిలబడాల్సిన సైనికుడి విసుగు. అందులో సైనికుడు మళ్లీ ఇరుక్కున్నాడు, మనకు మళ్లీ నవ్వొచ్చింది. డైనోసార్ సంగతి బాల్డ్రిక్ లోదుస్తుల కంపుతో తేలిపోతుంది. పిల్లలు పగలబడి నవ్వుతారు, పెద్దలు మర్యాదకి నవ్వుతారు.

ముందుగా చూడాల్సినవి నాలుగే, ఒక్కోటి సుమారు అరగంట. రెండో భాగం మొదటి ఎపిసోడ్ 'బెల్స్': రాణిగా మిరాండా రిచర్డ్‌సన్ చిన్నపిల్ల పేచీలు, డాబుసరి ఫ్లాష్‌హార్ట్‌గా రిక్ మేయల్ ఇందులోనే పరిచయం, ఈ రాబిన్ హుడ్ అతని నీడే. మూడో భాగం ఆరోది 'డ్యూయల్ అండ్ డ్యుయాలిటీ': స్టీఫెన్ ఫ్రై మొదట వెల్లింగ్టన్ అయింది ఇక్కడే. నాలుగో భాగం రెండోది 'కార్పొరల్ పనిష్‌మెంట్': జనరల్ మెల్చెట్ గాండ్రింపు, కెప్టెన్ డార్లింగ్ పేరుతో ఆట. ఆ పేరు పిలిచినప్పుడల్లా టిమ్ మెకినర్నీ చెంప అదరడం చూశాకే, ప్రత్యేక భాగంలో అతను మతాధికారి డార్లింగ్‌గా కనిపిస్తే నవ్వొస్తుంది. నాలుగోది నాలుగో భాగం చివరి ఎపిసోడ్ 'గుడ్‌బైయీ'. ఇంగ్లిష్ ఎంత బాగా వచ్చినా సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. అట్కిన్సన్ ఉపమానం మొదలుపెట్టి ముగించేలోపు మొదటి సగం జారిపోతుంది.

డిస్కు కొనేవాళ్లకు రెండు జాగ్రత్తలు. కొన్ని పెట్టెల్లో నాలుగు భాగాలే ఉంటాయి, ప్రత్యేక భాగం ఉండదు. అట్ట వెనక 'బ్యాక్ అండ్ ఫోర్త్' పేరు కనిపిస్తేనే తీసుకోండి. రెండోది రీజియన్ తంటా, అంటే డిస్కు ఏ ప్రాంతపు ప్లేయర్లో ఆడాలో ముందే వేసే తాళం. బ్రిటన్ డీవీడీలు రీజియన్ 2, మనది రీజియన్ 5. రెండు దేశాలదీ పాల్ అనే టీవీ పద్ధతే కాబట్టి బొమ్మకు ఇబ్బంది లేదు, కానీ తాళం వేసిన ప్లేయర్ డిస్కును తిప్పికొడుతుంది. బెంగళూరు ఎస్.పి. రోడ్డు ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో మల్టీ రీజియన్ (అన్ని ప్రాంతాల డిస్కులూ ఆడే) ప్లేయర్ అడిగితే 'అన్నీ ఆడతాయి సార్' అంటారు. డిస్కు వెంట తీసుకెళ్లి, డబ్బులిచ్చేముందు పెట్టించి చూడండి. కంప్యూటర్ డ్రైవులో రీజియన్ అయిదుసార్లే మార్చుకోగలరు, అయిదోసారి పెట్టిందే ఖాయమైపోతుంది. పాత సిరీస్ చతురస్రానికి దగ్గరగా 4:3 కొలతలో ఉంటుంది, ప్రత్యేక భాగం వెడల్పు తెర. టీవీలో బొమ్మ సాగదీసే సెట్టింగు తీసేయకపోతే ఎలిజబెత్ రాణి ముఖం గుమ్మడికాయలా కనిపిస్తుంది.

ఇంకొకటి. 'గుడ్‌బైయీ' చూసిన రాత్రే దీన్ని పెట్టకండి. ఆ ఎపిసోడ్ చివర కందకం నుంచి పైకెక్కి పరుగెత్తినవాళ్లు గసగసాల పూలపొలంలో కలిసిపోతారు. ఆ వెంటనే వాళ్లనే విందుబల్ల దగ్గర షాంపేన్ గ్లాసులతో చూస్తే మనసొప్పదు. ఒక రోజు ఆగండి.