పీఎం పాలెంలో అద్దె కోసం కొన్న ఫ్లాట్: ఎనిమిదేళ్ల లెక్క

2017లో మధురవాడ దగ్గర పీఎం పాలెంలో రెండు బెడ్‌రూంల ఫ్లాట్ కొన్నాం. మేం ఉండటానికి కాదు, అద్దెకి ఇవ్వడానికి. మాకు గోపాలపట్నంలో సొంతిల్లు ఉంది. పెట్టుబడి కోసమని ఆస్తి కొనడం మా ఇద్దరికీ అదే మొదటిసారి. ఇప్పుడు వైజాగ్‌లో మొదటి ఫ్లాట్ వెతికేవాళ్లలో చాలామంది 'ఏరియా ఏది, చదరపు అడుగు ఎంత, రేపు ఎంత పెరుగుతుంది' అనే అడుగుతున్నారు. అద్దెకి ఎవరు దిగుతారు, ఎందుకు దిగుతారు అని అడిగేవాళ్లు తక్కువ. అద్దె ఇల్లు కొనేటప్పుడు అసలు ప్రశ్న అదే అని నా నమ్మకం.

ముందు డబ్బు సంగతి. నాలుగేళ్ల పాత ఫ్లాటు, కామన్ ఏరియాతో కలిపి 1,050 చదరపు అడుగులు, ధర 38 లక్షలు. స్టాంప్ డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, అన్నీ కలిపి 7.5 శాతం. అంటే 2.85 లక్షలు లోన్‌తో సంబంధం లేకుండా చేతిలోంచే పెట్టుకోవాలి. 25 లక్షలు పదిహేనేళ్లకి లోన్ తీసుకుంటే ఈఎంఐ ఇరవై నాలుగున్నర వేలు దాటింది. మొదటి అద్దె 11,000. మిగతా పదమూడు వేల చిల్లర ప్రతి నెలా జీతంలోంచి వేసుకున్నాం. అద్దెతోనే ఈఎంఐ తీరిపోతుందని ఎవరైనా అంటే అక్కడికక్కడే కాగితం మీద లెక్క వేయించండి. లోన్ చాలా తక్కువైతే తప్ప అది కుదిరే పని కాదు.

కాగితాల విషయంలో మాత్రం ఈ ఊళ్లో తొందర అస్సలు పనికిరాదు. సింహాచలం దేవస్థానం భూముల వివాదం వల్ల అడవివరం, వేపగుంట, చీమలాపల్లి లాంటి పంచగ్రామాల్లో ఇళ్లు కట్టుకుని కూడా ఏళ్లతరబడి రిజిస్ట్రేషన్లు లేక ఎన్ని కుటుంబాలు నలిగిపోయాయో ఇక్కడ అందరికీ తెలుసు. మధురవాడ వైపు డీ పట్టా, అంటే ప్రభుత్వం పేదలకి ఇచ్చిన అసైన్డ్ భూముల తలనొప్పి ఉంది. అలాంటి భూమిని అమ్మకూడదని మేం కొనేనాటికి 1977 చట్టం చెప్పేది. అందుకే సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందా లేదా అన్నది మొదట చూడాలి. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ గురించి మా లాయర్‌గారు ఒక మాట అన్నారు: "ఈసీ క్లీన్‌గా ఉందని సంబరపడకండమ్మా. రిజిస్టర్ అయిన లావాదేవీలే అందులో కనిపిస్తాయి. లింక్ డాక్యుమెంట్లు, అంటే పాత యజమానుల దస్తావేజులు, మూలం దాకా చూడాలి." ఆయన ఇంకోటి కూడా చూశారు. బిల్డర్ ప్లాన్ అప్రూవల్ తీసుకునేటప్పుడు కట్టే విస్తీర్ణంలో 10 శాతం కార్పొరేషన్‌కి తనఖా పెడతాడు. ప్లాన్ ప్రకారం కట్టాక, ఇక అందులో ఉండొచ్చని కార్పొరేషన్ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే అది విడుదలవుతుంది. మనం కొనే ఫ్లాట్ ఆ తనఖాలో ఉందేమో ఈసీలో చూసుకోవాలి. ఫీజు తీసుకున్న ప్రతి రూపాయికీ ఆయన న్యాయం చేశారు.

పాత ఫ్లాటే ఎందుకు కొన్నామంటే, అందులో మనుషులు ఉండి చూశారు కాబట్టి. లిఫ్ట్ ఎన్నిసార్లు ఆగుతుందో, పై ఫ్లాట్ బాత్రూం నుంచి చెమ్మ దిగుతుందో లేదో కళ్లకి కనిపిస్తుంది. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఉన్న పూర్తయిన ఇంటికి జీఎస్టీ ఉండదు. కడుతున్న ఫ్లాట్‌కి మామూలుగా 5 శాతం పడుతుంది.

కొనేముందు మాకు బాగా ఉపయోగపడింది అసోసియేషన్ లెక్కల పుస్తకం. ట్రెజరర్‌గారింట్లో కూర్చుని, ఆయన భార్య ఇచ్చిన టీ తాగుతూ, ఏప్రిల్, మే నెలల పేజీలు తిప్పాం. వాటర్ ట్యాంకర్లకి ఎంత ఖర్చయిందో అందులో ఉంటుంది. మధురవాడ కొండల పక్కన ఎండాకాలం బోర్లు అడుగంటడం మామూలే. మేం చూసిన ఇంకో అపార్ట్‌మెంట్ పుస్తకంలో మే నెల నిండా ట్యాంకర్లే. ఆ ఫ్లాట్ ధర తక్కువే, కానీ వదిలేశాం. ఇల్లు చూడటానికి వచ్చిన ఆడవాళ్లు హాలు, కిచెన్ చూడకముందే "నీళ్లెలా అండీ?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకి ధైర్యంగా జవాబు చెప్పగలిగితే సగం పని అయిపోయినట్టే.

మా ఫ్లాట్‌కి అద్దెకి వచ్చినవాళ్లందరూ దాదాపు ఒకే రకం. రుషికొండ ఐటీ హిల్స్‌లో ఉద్యోగం చేసేవాళ్లు, గీతం యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవాళ్లు, పిల్లల చదువుల కోసం శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చినవాళ్లు. బ్యాచిలర్స్‌కి మా అసోసియేషన్ ఒప్పుకోదు. అలాంటి నియమం ఉంటే కొనేముందే తెలుసుకోవాలి, ఐటీ ఏరియాలో అది అద్దె మీద దెబ్బే. అద్దె అగ్రిమెంట్ అందరిలాగే మేమూ పదకొండు నెలలకి రాసుకుంటాం. అది మాత్రం మే నెలాఖరుకి ముగిసేలా చూసుకుంటాం. అప్పుడైతే స్కూళ్లు తెరిచేలోపు కొత్తవాళ్లు దొరుకుతారు. ఆషాఢంలో ఖాళీ అయిందంటే శ్రావణం దాకా తలుపు తట్టేవాళ్లుండరు.

పెద్ద దెబ్బ 2020లో తగిలింది. వర్క్ ఫ్రం హోం అనగానే ఐటీ వాళ్లు ఊళ్లకి వెళ్లిపోయారు. నెలల తరబడి ఫ్లాట్ ఖాళీ, ఈఎంఐ మాత్రం ఆగదు. ఆ టెన్షన్ గుర్తొస్తే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. ఆరు నెలల ఈఎంఐ విడిగా బ్యాంకులో పెట్టుకోకుండా ఎవరూ ఈ పనికి దిగొద్దని అందుకే గట్టిగా చెబుతాను.

దానికి కొన్ని నెలల ముందే, 2019 డిసెంబర్‌లో, విశాఖ కార్యనిర్వాహక రాజధాని అన్న మాట రాగానే బ్రోకర్ల ఫోన్లు ఆగలేదు. "ఇది అమ్మేసి భీమిలి వైపు రెండు ప్లాట్లు తీసుకోండి మేడం" అని ఒకటే పోరు. మా వారు కొంచెం మొగ్గారు, నేను వద్దన్నాను. రాజధాని మాట మారింది, ఇప్పుడు డేటా సెంటర్లు, భోగాపురం ఎయిర్‌పోర్టు మాటలు నడుస్తున్నాయి. వాటివల్ల ఊరికి మంచే జరగాలి. కానీ ఖాళీ స్థలం అద్దె తేదు, పైగా ఆక్రమణ కాకుండా కాపలా కాయాలి. మొదటిసారి కొనేవాళ్లకి ఆ బరువు వద్దు.

ఇక ఉప్పుగాలి. సముద్రం మా బాల్కనీలోంచి కనిపించదు, గాలి మాత్రం వస్తుంది. తలుపు టవర్ బోల్టులు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. వంటింటి కిటికీ అల్యూమినియం పట్టాల్లో తెల్లటి పొడి పేరుకుని రెక్క జరగదు. బాల్కనీ గ్రిల్‌ని గరుకు కాగితంతో గీకి, రెడ్ ఆక్సైడ్ కొట్టి, పైన పెయింట్ వేస్తే రెండేళ్లు, మహా అయితే మూడేళ్లు. ఆపైన మళ్లీ మొదలు. మా బిల్డింగ్‌లో ఒక బాల్కనీ కింద స్లాబు పెచ్చులు ఊడి లోపలి చువ్వ బయటపడింది. చువ్వ తుప్పు పట్టి ఉబ్బితే కాంక్రీట్ పగులుతుంది. అసోసియేషన్ ఫండ్ ఉండబట్టి వెంటనే బాగుచేయించాం. బీచ్ వ్యూ కోసం ఎక్కువ పెట్టి కొనేవాళ్లు ఈ ఖర్చు కూడా కలుపుకోవాలి.

ఇప్పుడు అద్దె 16,000. ఏడాదిలో ఒక నెల ఖాళీ అనుకుని, ఇంటి పన్ను, పెయింటింగ్, రిపేర్లు తీసేస్తే చేతికి దాదాపు లక్షన్నర. పెట్టిన 41 లక్షల మీద అది మూడున్నర శాతం చిల్లర. ఈమధ్య మా పై అంతస్తులో అలాంటి ఫ్లాటే 53 లక్షలకి అమ్ముడైంది. రెండూ కలిపితే ఫిక్స్‌డ్ డిపాజిట్ కంటే మరీ ఎక్కువేం కాదు, లోన్ వడ్డీ లెక్కేస్తే ఇంకా తగ్గుతుంది. ఇన్‌కంటాక్స్‌లో అద్దె మీద 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్ ఉంది. కానీ కొత్త పన్ను విధానంలో వడ్డీ వల్ల వచ్చే నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోవడం కుదరదు. పన్ను మిగులుతుందనే ఆశతో కొనేవాళ్లు ఇది చూసుకోవాలి.

అయినా నేను దీనికి ఐదుకి మూడున్నర ఇస్తాను. కాగితాల భయం లేదు, అద్దె ఏటా కొంచెం పెరుగుతోంది, లోన్ కూడా తగ్గుతూ వస్తోంది. 2032లో అది తీరితే, నా రిటైర్మెంట్ నాటికి పెన్షన్‌కి తోడు నెలనెలా ఇంకో ఆదాయం ఉంటుంది. మేం కొన్నది అందుకే. త్వరగా రెట్టింపు కావాలనుకునేవాళ్లకి, రిపేర్లకి ఫోన్ వస్తే విసుక్కునేవాళ్లకి ఇది సరిపడదు. మేం అమ్మే ఆలోచనలో లేం. వచ్చే మే నెలలో ఇప్పుడున్నవాళ్లు ఖాళీ చేస్తున్నారు, ఆ సందులో అల్యూమినియం కిటికీలు తీయించి తుప్పు పట్టని యూపీవీసీ ప్లాస్టిక్‌వి పెట్టించాలి.