నిఘంటువు, వర్డ్ ఫైండర్, కంఠస్థం: ఇంగ్లీషు పదాలాటల్లో ఏది మేలు?

అక్షరాల బిళ్ళలను బోర్డు మీద పేర్చి పదాలు కూర్చే స్క్రాబుల్ ఆడేటప్పుడు క్యూ అక్షరం చేతికి వచ్చి, దానికి తోడుగా ఉండే యూ రాకపోతే చాలామంది ఆ పది పాయింట్ల బిళ్ళను చివరిదాకా మోసి, ఆట ముగిశాక ఆ పది పాయింట్లనూ తమ లెక్కలోంచి పోగొట్టుకుంటారు. చేతిలో ఉన్న అక్షరాలకు పదం దొరకాలంటే మనకు ముఖ్యంగా మూడు దారులున్నాయి: అచ్చు నిఘంటువు తిరగేయడం, అక్షరాలిస్తే పదాలు చూపించే వర్డ్ ఫైండర్‌ను అడగడం, జాబితాలను ముందే కంఠస్థం చేసుకోవడం. వీటిలో ఏది మేలన్నది ఆట పేరును బట్టి కాక, ఆ ఆటలో మనకు ముందే ఏమి తెలిసి ఉంటుందన్న దాన్ని బట్టి తేలుతుంది.

నిఘంటువు సంగతి త్వరగానే తేలిపోతుంది. మొదటి అక్షరం తెలిసినవారికే అది దారి చూపుతుంది. రెండో గడిలో ఏ, నాలుగో గడిలో క్యూ ఉన్నాయని మాత్రమే తెలిసినవారికి వెయ్యి పేజీల పుస్తకం కూడా ఏమీ చెప్పలేదు. అయితే దొరికిన పదానికి అర్థం ఏమిటో, క్రాస్‌వర్డ్ ఆధారానికి అది సరిపోతుందో లేదో నిర్ధారించుకోవడానికి దాన్ని మించినది లేదు. బ్రిటన్‌లో 2003 వరకు స్క్రాబుల్ తగవులను తీర్చింది ఛేంబర్స్ నిఘంటువే. ఆ తరువాత ఆ స్థానం కాలిన్స్‌కు దక్కింది.

వర్డ్ ఫైండర్ బలం క్రాస్‌వర్డ్‌లో బయటపడుతుంది. అక్కడ అక్షరం ఏదో, అది ఏ గడిలో ఉందో రెండూ తెలుసు కనుక, తెలియని గళ్ళకు ప్రశ్నార్థకాలు పెట్టి అడిగితే క్షణంలో జాబితా వస్తుంది. తెలుగువారికి ఈ సాయం మరికాస్త ఎక్కువే కావాలని నా అభిప్రాయం. మన గళ్ళనుడికట్టులో గుణింతమూ ఒత్తులూ కలిసి ఒకే గడిలో కూర్చుంటాయి. లక్ష్మి అన్న పేరుకు రెండు గళ్ళు చాలు, అదే ఇంగ్లీషులో ఏడు కావాలి. పదాన్ని ధ్వనిగా గుర్తుంచుకునే అలవాటున్న మనకు, ఆ పదాన్ని విడి అక్షరాలుగా విప్పి చూడడం వెంటనే తట్టదు.

దాచి ఉంచిన ఐదక్షరాల పదాన్ని ఊహలతో కనిపెట్టే వర్డిల్‌లో ఇంత సూటిగా కుదరదు. ఒక అక్షరం ఉన్న చోటు తెలుస్తుంది, మరొకటి ఉందని తెలిసినా చోటు తెలియదు, ఇంకొన్ని లేనే లేవని తెలుస్తుంది; ఈ మూడింటినీ విడివిడిగా అడిగే ఫైండర్ అయితేనే పనికొస్తుంది. పైగా జాష్ వార్డిల్ 2021లో ఈ ఆటను విడుదల చేసినప్పుడు ఊహగా ఒప్పుకున్న పదాలు దాదాపు 13 వేలు ఉండగా, జవాబులుగా ఎంచినవి సుమారు 2,300 మాత్రమే. అంటే ఫైండర్ చూపించే వింత పదాలలో అధిక భాగం ఎన్నటికీ జవాబు కాలేనివి. న్యూయార్క్ టైమ్స్ వారి స్పెల్లింగ్ బీ ఆటలో చిక్కు మరో రకం: అక్కడ ఏడు అక్షరాలలో దేన్నైనా ఎన్నిసార్లైనా వాడవచ్చు కనుక, అక్షరాన్ని ఒక్కసారే లెక్కలోకి తీసుకునే స్క్రాబుల్ ఫైండర్ సగం జవాబులను దాచేస్తుంది.

ఫైండర్‌తో వచ్చే అసలు ఇబ్బంది, స్క్రాబుల్‌లో చెల్లే పదాల జాబితాల తేడా. డాలస్‌లో ఉన్న మేనకోడలితో ఆన్‌లైన్‌లో ఆడుతూ ఒకసారి నేను జెడ్, ఓ కలిపి రెండక్షరాల పదం పెట్టబోయాను. జడలబర్రెకూ ఆవుకూ పుట్టిన సంకరజాతి పశువుకు అది పేరు. ఫైండర్ అది చెల్లుతుందనే చెప్పింది, ఆట మాత్రం ఒప్పుకోలేదు. "మామయ్యా, అది మీ జాబితాలోదే, మా దాంట్లో లేదు" అని అమ్మాయి నవ్వింది. 2019 నాటి కాలిన్స్ జాబితాలో రెండక్షరాల పదాలు 127 ఉంటే, ఉత్తర అమెరికా జాబితాలో 107 మాత్రమే ఉన్నాయన్నది నాకు ఆ తరువాతే తెలిసింది.

స్క్రాబుల్ వరకు అయితే కంఠస్థానికే నా ఓటు. ఎదుట మనిషి కూర్చుని ఆడుతున్నప్పుడు ఫైండర్ తెరవడం ఎలాగూ మర్యాద కాదు. యూ తోడు లేని క్యూ పదాలనే చూడండి: ఫకీర్, తలాక్, నికాబ్, ఈ మూడింటినీ క్యూతో రాస్తే చెల్లుతాయి. మనం చిన్నప్పటి నుంచీ వింటున్న మాటలే కనుక, కొత్తగా గుర్తుంచుకోవలసింది వాటి స్పెల్లింగ్ ఒక్కటే. క్యూ, ఐ కలిపిన రెండక్షరాల పదం, చైనీయులు ప్రాణశక్తి అనేది, అన్నిటికన్నా ఎక్కువగా అక్కరకొస్తుంది. (పందికొక్కు నుంచి పుట్టిన బాండికూట్ కూడా చెల్లుతుంది గానీ, తొమ్మిదక్షరాలకు బోర్డు మీద చోటు కుదిరేది ఏ పుష్కరానికో.)

పెద్ద పోటీలకు తయారయ్యేవారు ఇంకో మెట్టు ఎక్కుతారు. అక్షరాలను అకారాది వరుసలో పేర్చి, ఆ వరుసనే ఒక ప్రశ్నగా గుర్తుంచుకుంటారు. ఏ, ఈ, ఐ, ఎన్, ఆర్, ఎస్, టీ అని కనబడగానే రిటెయిన్స్, నాస్టియర్, స్టెయినర్, రెటినాస్ వరుసగా గుర్తుకొస్తాయి, ఏడూ ఒకేసారి పెట్టినందుకు 50 పాయింట్లు అదనంగా వస్తాయి. న్యూజిలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్ ఫ్రెంచి మాట్లాడడం రాకుండానే 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ విజేత అయ్యాడంటే, అర్థంతో పని లేకుండా అక్షరాల వరుసలను మనసులో నిలుపుకోవచ్చన్నమాట. ఆదివారం సరదాగా ఆడేవారికి అంత తపస్సు అవసరం లేదు. రెండక్షరాల జాబితా, పది పన్నెండు క్యూ పదాలు చాలు.

ఇక ఫైండర్‌ను పక్కన పడేయమని నేను అనను. ఆడుతున్నప్పుడు చేతిలో ఉన్న ఏడక్షరాలను ప్రతిసారీ ఒక కాగితం మీద రాసిపెట్టుకుని, ఆట ముగిశాక వాటిని సరైన జాబితా ఎంచుకున్న ఫైండర్‌కు ఇస్తే, మనం చూడలేకపోయిన పదాలు బయటపడతాయి. నాలుగైదు ఆటలు గడిచేసరికి ఆ కాగితంలో మళ్ళీ మళ్ళీ ఎదురయ్యే పదాలు ఏవో, ముందుగా కంఠస్థం చేయవలసినవి అవే.