42 అంగుళాల మడత క్రేట్: అడ్డు జాలీ లేకపోతే కొనకండి

ల్యాబ్రడార్ పిల్లను తెచ్చుకునేవాళ్ళ చూపు షాపులో ముందు పడేది 24 అంగుళాల చిన్న క్రేట్ (కుక్కను ఉంచే ఇనుప కడ్డీల మడత బోను) మీద. పిల్ల అందులో చక్కగా సరిపోతుంది, ధర కూడా తక్కువే. కొన్ని నెల్లు తిరిగేసరికి అది అటక ఎక్కుతుంది, మళ్ళీ పెద్దది కొనాలి. ల్యాబ్‌కు చివరికి కావాల్సింది 42 అంగుళాలదే. బీగిల్ అయితే 30, మన నాటు కుక్కలకు ఎక్కువగా 36 సరిపోతుంది. మొదటే పెద్దది కొనడం మేలు. కాకపోతే ఒక షరతు: మధ్యలో అడ్డుగా నిలబెట్టే జాలీ, అంటే డివైడర్, దాంతోపాటే రావాలి. కొన్ని చవక క్రేట్లలో అది రాదు. అవి పెద్ద కుక్కలకు పనికొస్తాయి, పిల్లలకు కాదు.

కారణం సులువు. కుక్కపిల్ల తను పడుకునే చోటును పాడుచేసుకోవడానికి ఇష్టపడదు. బయటికి తీసుకెళ్ళేదాకా ఆపుకోవడం నేర్పే క్రేట్ శిక్షణ అంతా ఆ ఒక్క అలవాటు మీదే నిలబడి ఉంటుంది. రెండు నెలల పిల్లకు 42 అంగుళాల పొడవు మొత్తం వదిలేస్తే అది దానికి సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ అవుతుంది: ఒక మూల పడక, ఇంకో మూల బాత్రూమ్. ముక్కు నుంచి తోక మొదలు దాకా టేపుతో కొలిచి, మరో నాలుగు అంగుళాలు కలిపి అక్కడ జాలీ పెట్టాలి. పిల్ల నిలబడగలగాలి, తిరగగలగాలి, కాళ్ళు చాపి పడుకోగలగాలి. అంతకు మించి చోటు అక్కర్లేదు. రెండు వారాలకోసారి కొలిచి జాలీని వెనక్కి జరుపుతూ పోవాలి. ఒక్క హెచ్చరిక: అమ్మకం కోసం ఇరుకు బోనులో, తన మురికిలోనే పెరిగిన పిల్లకు ఈ అలవాటు చెడిపోయి ఉంటుంది. దాని విషయంలో జాలీ ఒక్కటే సరిపోదు, గంటకోసారి బయటికి తిప్పాల్సిందే.

ఇక తయారీ సంగతి. రెండు తలుపులది తీసుకోండి. ఒకటి ముందు, ఒకటి పక్కన ఉంటే మంచం పక్కన ఎటు తిప్పి పెట్టినా తలుపు తెరుచుకుంటుంది. పైకప్పు ఎత్తాక రెండు చివరి పలకలనూ లోపలి నుంచి లేపి కొక్కేలకు తగిలించాలి. మడిచేటప్పుడు ముందు ఆ చివరి పలకలు పడాలి, ఆ తర్వాతే కప్పు. వరస తప్పితే వేళ్ళు నలుగుతాయి. డివైడర్ కొక్కేలు ఈ రకం క్రేట్లలో ఎక్కువగా బలహీనమే. పిల్ల రెండుసార్లు భుజంతో నెడితే ఊడొస్తాయి. నాలుగు మూలలా జిప్ టైలు (బిగించి కట్టే ప్లాస్టిక్ పట్టీలు) వేసి, వాటి మిగులు కత్తిరించి, కొసలు ఖాళీ భాగం వైపు తిప్పండి. కింద ప్లాస్టిక్ ట్రే జారి బయటికి రాకుండా ఆపే చిన్న కొక్కెం ఉందో లేదో కొనేముందే చూడాలి. అది లేకపోతే పిల్ల గోళ్ళతో ట్రేను ముందుకు తోస్తుంది, ఆ సందులో పంజా ఇరుక్కుంటుంది. గడియ కడ్డీ రాసుకునే చోట నల్ల పూత ముందుగా లేచిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో తుప్పు మొదలయ్యేది అక్కడే.

టైల్స్ మీద ఇది గలగలమంటుంది, ఆ చప్పుడుకే సగం పిల్లలు బెదురుతాయి. కింద గోనెపట్టా పరిస్తే తీరిపోతుంది. విడిగా అమ్మే మందపాటి కవరు మన ఎండలకు వద్దు. పాత నూలు చీర మూడు వైపులా కప్పి ముందు భాగం వదిలేస్తే చాలు. బాల్కనీలో మాత్రం పెట్టకండి. ట్రే కింద మెతుకులు మిగిలితే తెల్లారేసరికి చీమలు బారులు కడతాయి కాబట్టి రోజూ ట్రే లాగి తుడవాలి. తుడవడానికి ఫినాయిల్ వద్దు, పిల్ల పాదాలు నాక్కుంటుంది. ఎంజైమ్ క్లీనర్ (మూత్రపు మరకను విరగ్గొట్టే ద్రవం) వాడితే మూత్రం వాసన నిజంగా పోతుంది. లోపల న్యూస్‌పేపర్ పరవడం అన్నిటికంటే పెద్ద పొరపాటు: అది కాగితం మీద పోసుకోవడం నేర్పుతుంది. పాత తువ్వాలు చాలు. దాన్ని కొరికి మింగుతుంటే అదీ తీసేయాలి.

అలవాటు చేయడం: మొదటి రెండు రోజులు తలుపును తాడుతో వెనక్కి కట్టేయండి, ఊగి పిల్లకు తగలకూడదు. తిండి గిన్నె మొదట గుమ్మం దగ్గర, తర్వాత మధ్యలో, ఆ తర్వాత లోపలి చివర. మూడో రోజు తింటుండగా తలుపు మూసి, గిన్నె నాకడం పూర్తికాకముందే తెరవాలి. తర్వాత ఒక నిమిషం, ఐదు, పది. అది కుదిరాకే మీరు గది దాటాలి. లోపలికి పంపే ప్రతిసారీ మెడ బెల్టు తీసేయండి, కడ్డీలో చిక్కితే ఉరి పడుతుంది. కోపంలో లోపలికి తోసి గడియ వేస్తే పది రోజుల పని ఒక్క పూటలో పోతుంది.

రెండు నెలల పిల్ల పగలు మామూలుగా రెండు గంటలకు మించి మూత్రం ఆపుకోజాలదు. నెలల వయసుకు ఒకటి కలిపి అన్ని గంటలనే లెక్క పై హద్దు మాత్రమే. ఆఫీసుకు వెళ్ళి తొమ్మిది గంటలు మూసి ఉంచేవాళ్ళకు ఏ క్రేట్ కూడా పరిష్కారం కాదు, మధ్యలో ఎవరో ఒకరు వచ్చి తిప్పాలి. రాత్రి క్రేట్ మంచం పక్కనే ఉండాలి, తెల్లవారుజామున రెండింటికి అలారం పెట్టుకుని పిల్లను బయటికి తీయాలి. టీకాలు పూర్తికాని పిల్లను వీధి కుక్కలు తిరిగే చోట దింపకుండా బాల్కనీలో గడ్డి ట్రే దగ్గరికి ఎత్తుకెళ్ళండి. మాటల్లేవు, ఆటల్లేవు, పని కాగానే మళ్ళీ లోపలికే.

ఏడిస్తే ముందు గడియారం చూడండి. బయటికి వెళ్ళి రెండు గంటలు దాటిందా? తీసుకెళ్ళండి. దాటలేదంటే, ఐదు సెకన్లు ఊరుకున్నప్పుడు తెరవండి, ఏడుస్తుండగా వద్దు. చొంగ ధారకట్టడం, కడ్డీలు కొరకడం, గోళ్ళు విరిగేలా గోకడం కనిపిస్తే అది మొండితనం కాదు, భయం. వెంటనే తీసి, మరుసటి రోజు గుమ్మం దగ్గరి గిన్నెతో మళ్ళీ మొదలెట్టండి. అయినా తగ్గకపోతే పశువైద్యుడికి చూపించాలి.

ఇంట్లో వాడుకకు ఈ మడత క్రేట్‌కు అయిదుకు నాలుగు మార్కులు. ఆ ఒకటి తగ్గించింది డివైడర్ కొక్కేలకే. విమాన ప్రయాణం కోసం కొనేవాళ్ళు మాత్రం దీని జోలికి పోవద్దు, అక్కడ మామూలుగా గట్టి గోడల పెట్టె అడుగుతారు.